దాటుముద్ద

నమోదు 1

మాత్రలు అయిపోయాయి. మూడు నెలల పాటు రోజుకొకటి మింగాను. మాత్రలు మింగినవాళ్ళంతా ఇకనుంచి ఈ పలక మీద ఏదో ఒకటి రాస్తుండాలట, అక్షరం రానివాళ్ళు దాంతో నోటితో చెప్పాలట. ఆకలేస్తోందా, నిద్ర పడుతోందా, కళ్ళు పచ్చబడ్డాయా, పొట్ట ఉబ్బిందా. అదీ చెయ్యనివాళ్ళకు పరీక్షల పడవలో చోటుండదట. అందుకని రాస్తున్నాను, మీ మీద ప్రేమతో కాదు.

నా పేరు నూకరత్నం. తెప్పలూరులో పన్నెండో తెప్ప మాది. నేనూ, మా అప్ప పైడితల్లీ, ఒక పొయ్యి, రెండు వలలు. మా ఆయన్ని సముద్రం తీసుకుంది. అప్ప మొగుణ్ణి అప్పే తరిమేసింది. మా అప్పచెల్లెళ్ళకు చిన్నప్పటినుంచీ పడదు. తెప్పను రెండు ముక్కలు చేస్తే రెండూ మునుగుతాయి కాబట్టి కలిసి ఉంటున్నాం.

ఈ జబ్బు మాకు ఎలా వచ్చిందో ఒడ్డువాళ్ళకు బాగా తెలుసు. అప్పుడెప్పుడో వానజ్వరానికి సూదిమందన్నారు. మీ పడవ వచ్చి, ఒకే సూదితో తెప్ప తరవాత తెప్ప పొడుచుకుంటూ పోయింది. జ్వరం రాలేదు, నిజమే. కొన్నేళ్ళు పోయాక చూస్తే అందరి కాలేయాల్లోనూ హెపటైటిస్ సి కాపురం పెట్టుకుని ఉంది. ఇప్పుడు మాత్రలూ మీరే పంపారు. కాలు విరగ్గొట్టినవాడు చేతికర్ర తెచ్చిచ్చి, దణ్ణం పెట్టించుకుంటున్నట్టు ఉంది. మీ వంశం నాశనం కాను.

ఇంతవరకూ రాసి నొక్కగానే పలక కింద దీపం వెలిగి, 'ధన్యవాదాలు. మీ ఆరోగ్యం మాకు ముఖ్యం' అని వచ్చింది.

అంటే చదివేవాడు ఎవడూ లేడు. ఇక హాయిగా రాసుకుంటాను.

నమోదు 2

మైకు పడవ వచ్చింది. తెప్పలూరుకి ఒడ్డుతో ఉన్న గొలుసును వానలు వెళ్ళగానే విప్పేస్తారట. ఒడ్డు చుట్టూ కట్టిన గోడకు బరువైపోతున్నామట. విప్పాక ఎటు కొట్టుకుపోతామో అది మా ఇష్టం అన్నట్టు చెప్పాడు ఆ మైకువాడు.

ఇంటికొక్కరిని మాత్రం గోడ లోపలికి రానిస్తారు. అదీ కాలేయం మెత్తగా ఉన్నవాళ్ళనే. ఒడ్డు మీద నేల నీళ్ళు విషమైపోయాయి, అక్కడ అందరూ రోజూ విరుగుడు మందు తాగి బతుకుతున్నారు. కాలేయం గట్టిపడినవాళ్ళు ఆ మందును అరిగించుకోలేరు, నెల తిరక్కుండా పోతారు. అందుకని ముందు రక్తం చూస్తారు, తరవాత పక్కటెముకల సందులోంచి కాలేయం ఎంత గట్టిపడిందో కొలుస్తారు. నంబరు పదికి లోపల ఉంటే పడవ ఎక్కొచ్చు. మొగుడూ పెళ్ళాలైతే ఒక్కరి కిందే లెక్క, మిగతావాళ్ళలో ఒకే ఇంట్లో ఇద్దరికి పది లోపు వస్తే తక్కువ వచ్చినవాళ్ళే ఎక్కాలి. కొలిచే పడవ రెండుసార్లు వస్తుంది. మూడోసారి లేదు.

అప్ప వల బాగుచేసుకుంటూ విన్నది. తల ఎత్తలేదు.

"బాగుంది. ఎవులెల్తారో ఆ నంబరే సెప్తాది. మనం జుట్లు పట్టుకోనక్కర్లేదు" అంది.

"నువ్వెల్లిపోతే నాను మునిగిపోతాను గదే" అన్నాను.

"నువ్వెల్లిపోతే నాను మునగనేటి?" అంది. తరవాత ఇద్దరం నవ్వాం, కానీ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు.

నాకు ఒడ్డు కావాలి. ఇది దాచుకోవలసిన మాట కాదు. కదలని నేల మీద, తలుపున్న గదిలో ఒక్కదాన్నీ పడుకోవాలి. అప్ప గురక వినబడకూడదు.

నమోదు 3

రక్తం ఫలితాలు వచ్చాయి. ఊళ్ళో నాలుగక్షరం ముక్కలు చదవగలిగేది నేనే కాబట్టి పొద్దుటినుంచీ నా తెప్ప మీద జాతర. కాగితం పట్టుకుని ఎంత వినయంగా నిలబడతారో. మామూలు రోజుల్లో నా ఎంగిలి గిన్నె కూడా దాటరు.

అందరి కాగితాల్లోనూ దాదాపు ఒకటే మాట. వైరస్ కనబడలేదు. మాత్రలు ఆపేసిన మూడు నెలలకు కూడా కనబడలేదంటే జబ్బు పోయినట్టే. ఎస్‌జీపీటీ దిగింది, అంటే కాలేయం లోపల మంట చల్లారింది. అయితే మంట ఆరడం వేరు, కాలిన మచ్చ వేరు. మచ్చ ఎంతుందో రక్తం పూర్తిగా చెప్పదు, దానికి కొలత కావాలి. ఇంతవరకూ అందరికీ ఓపిగ్గానే చెప్పాను.

ఎదుటి తెప్ప ధర్మాలు కాగితంలో వైరస్ సున్నా. దాని కింద యాంటీబాడీ పాజిటివ్. అది అందరికీ అంతే. జబ్బుతో ఒకసారి పోరాడిన ఒంట్లో ఆ గుర్తు చచ్చేదాకా ఉంటుంది, జబ్బు ఉన్నట్టు కాదు. కానీ ధర్మాలు కాగితాన్ని ముందు మీ మనిషి చదివి, పాజిటివ్ అనే మాట గట్టిగా అని వెళ్ళిపోయాడు. ఆ ఒక్క మాటకే అతని పెళ్ళాం చిన్నమ్మడు కంచం వేరు చేసింది, చాప తెప్ప కొసకు విసిరేసింది. వాడొచ్చి నన్ను అడిగాడు. "ఏమో, సరిగా కనబడ్డం లేదు" అన్నాను.

పోయినేడు నా లంగరు రాయి ఎత్తుకుపోయింది వాడే. రెండు రోజులు వాడు కొసన కూచుని వానలో తడుస్తుంటే చూశాను. బాగానే ఉంది.

మూడోరోజు అప్ప నన్ను రెక్క పట్టుకుని లాక్కెళ్ళింది.

"సెప్పు ఆడికి. నీకు తెల్సు, నాకు తెల్సు నీకు తెల్సని. సెప్పు."

చెప్పాను. చిన్నమ్మడు ఏడుస్తూ మొగుడి కాళ్ళు తుడిచింది. అప్ప ఇంటికొచ్చి నాతో మాట్లాడలేదు, అన్నం మాత్రం పెట్టింది.

నమోదు 4

కొలిచే పడవ వచ్చింది.

మా ఊళ్ళో ఎవరు తెప్ప దిగి పడవెక్కినా దాటుముద్ద తినే ఎక్కాలి. ఇంటివాళ్ళు తెప్ప అంచున కూచోబెట్టి, తమ చేత్తో, ఇక చాలు చాలు అనేదాకా పెడతారు. ఖాళీ కడుపుతో తెప్ప దించేది శవాన్నే. బతికున్నదాన్ని అలా పంపితే చావు కోరినట్టు. చుట్టూ తెప్పలవాళ్ళు నిలబడి చూస్తారు కూడా, ఎవరు ఎంత పెట్టారో, ఎవరు పిసినారితనం చేశారో. మామూలుగా చేప కోసం పోయేవాడికి ఒక ముద్దతో సరిపెడతారు. ఒడ్డు పడవ కాబట్టి ఈసారి పండగలాగే పెట్టారు. నేను అప్పకు పెట్టాను, అప్ప నాకు పెట్టింది. ఎండు నెత్తళ్ళ పులుసు, దాచుకున్న బియ్యం అన్నం.

పడవలో తెర వెనక కొలిచే ఆవిడ పేరు ఇందుమతి. పక్కటెముకల మధ్య చల్లటి జిగురు రాసి, చిన్న కొయ్యలాంటిది ఆనించి, వేలితో కొట్టినట్టు టప్ టప్‌మనిపించింది. నంబరు చూసి, పన్నెండు పాయింట్ ఎనిమిది అంది. నా ప్రాణం అక్కడే పోయింది.

"ఏమైనా తిన్నారా?" అని అడిగింది, చేతులు తుడుచుకుంటూ.

"తినకండా ఎలగొస్తానమ్మా! కడుపునిండా తినే వొచ్చాను."

"అందుకే. పొద్దుట్నుంచీ మీ ఊరివాళ్ళందరూ ఇంతే. తిన్నాక కాలేయానికి రక్తం ఎక్కువగా వెళ్తుందమ్మా. అప్పుడు కొలిస్తే ఉన్నదానికన్నా గట్టిగా ఉన్నట్టు చూపిస్తుంది. కనీసం మూడు గంటలు ఏమీ తినకుండా రావాలి. మీరు తినకుండా వచ్చుంటే తొమ్మిదిన్నర అలా వచ్చేదేమో."

"ఆ ముక్క ముందే సెప్పొచ్చు గదా?"

"రాసి అంటించాం కదా."

వెళ్ళేటప్పుడు చూశాను. అంటించారు, పడవకు అవతలి పక్కన, ఒడ్డు వైపుకి.

సాయంత్రం ఖాళీ కడుపుతో వస్తాను, మళ్ళీ కొలవమని బతిమాలాను. పడిన నంబరు పడినట్టేనట. రెండో పడవకు రమ్మంది. ఎవరైనా అడిగితే చెబుతుందట, అడగనివాళ్ళకు చెప్పమని తనకు ఉత్తరువు లేదట. ఆ మాట ఎంత మర్యాదగా అందంటే, చెంప పగలగొట్టాలని చెయ్యి లేచింది.

నా వెనక అప్ప వెళ్ళింది. దానికి పదకొండు పాయింట్ రెండు.

నమోదు 5

ఊరంతా ఏడుపు. పది లోపు ఒక్కరికీ రాలేదు. మాత్రలు పని చెయ్యలేదని కొందరు, ఒడ్డువాళ్ళు కావాలనే నంబర్లు పెంచారని కొందరు. నేను మాత్రం పొయ్యి ముందు కూచుని లెక్క చూసుకుంటున్నాను. ఇద్దరం ఒకే పులుసు, ఒకే అన్నం తిన్నాం. దానికి పదకొండు, నాకు పన్నెండున్నర పైన. ఇద్దరం ఖాళీ కడుపుతో వెళ్తే ఇద్దరికీ పది లోపే వస్తుంది, దానికే తక్కువ వస్తుంది. అది ఒడ్డెక్కుతుంది. నేను ఈ కొయ్యల మీద కూచుని అది గోడ లోపలికి నడవడం చూడాలి.

చిన్నప్పుడూ అంతే. మంచి చీర దానికి, ఎత్తు దానికి, అందరి మెప్పూ దానికి. ఆఖరికి కాలేయం కూడా దానికే మెత్తనిది.

పొద్దు వాలాక అప్ప వచ్చి నా పక్కన కూచుంది.  గిన్నెలో నీళ్ళు కలుపుతూ, మామూలుగా అడిగింది.

"ఓలె నూకీ, ఆ కొలిసే అమ్మ నీకేటైనా సెప్పిందేటి?"

"ఏటి సెప్తాది? నంబరు సెప్పింది" అన్నాను.

"ఇంకేటీ సెప్పనేదా?"

"ఏటీ నేదు."

నా మొహం కాసేపు చూసింది. సరే అని లేచి, గిన్నె పట్టుకుని పక్క తెప్ప మీదికి వెళ్ళింది. అక్కణ్ణుంచి ఇంకో తెప్ప మీదికి. దానికి ఊరి కబుర్లు లేకపోతే అన్నం అరగదు. నాకు ఊపిరి ఆడింది.

నమోదు 6

ఇన్నాళ్ళూ వానే. రాయడానికేమీ లేదు. ఆకలి బాగుంది, నిద్ర బాగుంది, కళ్ళు తెల్లగా ఉన్నాయి. ధన్యవాదాలు, నా ఆరోగ్యం మీకు ముఖ్యం.

ఊరికి చెప్పొచ్చు కదా అని నాకే ఒకసారి అనిపించింది. చెప్తే అప్పకూ తెలుస్తుంది. ఒకరికి చెప్పి ఒకరికి చెప్పకుండా ఉండే ఊరు కాదిది. పైగా వీళ్ళు నాకేం పెట్టారని? కాగితం చదివించుకునేటప్పుడు తప్ప నా పేరు పలికినవాళ్ళు లేరు.

నా చిక్కు వేరే ఉంది. అప్ప నాకు దాటుముద్ద పెడుతుంది. ఊరంతా చూస్తుండగా వద్దంటే చావు కోరి తెచ్చుకున్నట్టు, మీద పడి తినిపిస్తారు. చాలా ఆలోచించాను. చివరికి ఎంత సులువైన దారి దొరికిందో! మొక్కు. గంగమ్మతల్లికి నోరు కట్టుకున్నదాని నోట్లో ముద్ద పెట్టే ధైర్యం ఎవరికీ లేదు.

నిన్న అందరూ నీళ్ళు పట్టుకునే వేళ చూసి, తెప్ప మధ్యలో నిలబడి తడిబట్టలతో గట్టిగా చెప్పాను.

"తల్లీ గంగమ్మా, మా అప్పకి మంచి నంబరు రావాలి. రెండో పడవొచ్చిన రోజు అది కొలిపించుకుని దిగేదాకా నాను పచ్చి మంచినీళ్ళు తప్ప ముట్టను."

ఎవరైనా ముక్కున వేలేసుకుంటారనుకున్నాను, మెచ్చుకుంటారనుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. చిన్నమ్మడు బిందె చంకనెత్తుకుని నన్ను అదోలా చూసి వెళ్ళిపోయింది. ఈ ఊరికి భక్తి కూడా చచ్చింది.

అప్ప మాత్రం దగ్గరికొచ్చి నా తడి జుట్టు తుడిచింది.

"నా కోసమేటే?" అంది.

"నీ కోసమే" అన్నాను.

నమోదు 7

ఇవాళ రెండో పడవ.

తెల్లవారకముందే లేచి వండాను. నెత్తళ్ళు, మిగిలిన చింతపండంతా వేసి పులుసు. పడవవాళ్ళ దగ్గర చేపలిచ్చి తెచ్చుకున్న నెయ్యి కొంచెం ఉంటే అదీ తీశాను. అప్ప వాసన చూసి, పెళ్ళికి కూడా ఇంత వండలేదు కదే అంది. తెప్ప అంచున పీట వేశాను. చుట్టూ తెప్పల మీద జనం చేరారు. వాళ్ళవాళ్ళకు అప్పటికే పెట్టడం అయిపోయినట్టుంది, ఒక్కొక్క ముద్దతో కానిచ్చేశారు. బుగ్గలు ఉబ్బించుకుని, నోరు మూసుకుని, వరసగా నిలబడి మమ్మల్నే చూస్తున్నారు. ఒక్కడూ మాట్లాడడు. పిసినారి ముండలు, దాటుముద్దకు కూడా కక్కుర్తి.

మొదటి ముద్ద పెట్టాను. అప్ప నమిలి మింగి, నా కళ్ళలోకి చూసింది.

"ఇంకా పెడతావేటి?"

"తినప్పా. కాలీ కడుపుతో ఎల్లకూడదు."

రెండోది పెట్టాను. నెయ్యి కారి మోచేతి దాకా వచ్చింది. మళ్ళీ అదే చూపు.

"ఇంకా పెడతావేటే, నూకీ?"

"నా కోసం తిను."

నాకు కడుపులో ఆకలి మండుతోంది. ఆ మంట కూడా హాయిగానే ఉంది. పెట్టిన ప్రతి ముద్దకూ దాని నంబరు పెరుగుతున్నట్టు నా కళ్ళకు కనబడుతోంది. చిన్నప్పుడు నాకు అన్నం తినిపించింది అదే, అమ్మ వల మీదికి పోయినప్పుడు. ఆ సంగతి ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో తెలియదు. గుర్తొచ్చినా చెయ్యి ఆగలేదు, అది మాత్రం నిజం. గిన్నె అడుగు కనబడేదాకా పెట్టాను. ఆఖరి ముద్ద చేతిలో ఉండగా అప్ప నా మణికట్టు పట్టుకుంది.

"సెప్పడానికేటైనా ఉందేటే నీకు?"

"ఏటుంటాది? నోరు తెరు."

తెరిచింది. పెట్టాను. అది మింగి, మూతి తుడుచుకుని, లేచి పడవెక్కింది.

నమోదు 8

పడవలో కూచుని రాస్తున్నాను. ఒడ్డుకి పోయే పడవ. పది లోపు వచ్చినవాళ్ళను ఇంటికి కూడా పంపలేదు, అటునుంచి అటే ఎక్కించారు.

అప్పది ముందు కొలిచారు. పన్నెండు పాయింట్ ఒకటి. ఇందుమతి దాన్ని ఏదో అడిగింది, అది తల అడ్డంగా ఊపింది. తరవాత నేను పడుకున్నాను. చల్లటి జిగురు, టప్ టప్. తొమ్మిది పాయింట్ నాలుగు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

రెండు పడవల మధ్య వేసిన చెక్క మీద అప్పా నేనూ ఎదురుపడ్డాం. నేను కళ్ళు తుడుచుకుంటూ, బాధ పడుతున్న మొహం పెట్టి, "ఇలగైపోయిందేటే అప్పా" అన్నాను. నటన బాగానే వచ్చింది.

అప్ప నా బుగ్గ మీద ఎండిపోయిన జిగురో ఏదో గోటితో గీకి తీసింది.

"ఎల్లు. అక్కడ ఏలకి తిను" అంది. అంతే. వెనక్కి తిరిగి చూడలేదు.

నమోదు 9

ఇది రాయకూడదనుకున్నాను. చదివేవాడు లేడు కదా.

పడవ కదిలాక చూస్తే ఊరు ఊరంతా ఇందులోనే ఉన్నట్టుంది. మొదటిసారి ఒక్కరికీ రాని పది లోపు ఈసారి దాదాపు ప్రతి ఇంటికీ వచ్చింది. నిజంగా కాలేయం బండబారినవాళ్ళూ, ఇంటి లెక్కకు మించినవాళ్ళూ మాత్రమే తెప్పల మీద మిగిలారు. ఇదేం వింత అనుకుంటూ చిన్నమ్మడి పక్కన కూచున్నాను. అది జరిగి కూచుంది. ధర్మాలు కూడా జరిగాడు. నా చుట్టూ బల్ల ఖాళీ అయింది.

"ఏటైంది మీకందరికీ?" అన్నాను.

 చివరికి చిన్నమ్మడే నోరు విప్పింది.

"మీ అప్ప సెప్పింది మాకు. తినీసి కొలిపించుకుంటే నంబరు పెరుగుతాదని. ఆ మొదటి పడవ రోజే, పొద్దు పోకముందే, గిన్నట్టుకుని ఇంటింటికీ వొచ్చి సెప్పింది. ముద్ద నోట్లో ఎట్టుకోండి, మింగకండి, పడవెక్కగానే నీట్లో ఉమ్మీండి, గంగమ్మేటీ అనుకోదు అంది."

ఆ ఉబ్బిన బుగ్గలు అప్పుడు అర్థమయ్యాయి.

"నాకు సెప్పనేదు" అన్నాను. 

"నీకెందుకు సెప్తాది? నిన్ను అడిగింది గదా వొదినా, ఆ అమ్మ ఏటైనా సెప్పిందేటి అని. ఏటీ నేదన్నావంట. ఇందుమతమ్మని నువ్వడిగినప్పుడు మీ అప్ప తెర ఇవతలే ఉంది, నీ ఎనకే వరసలో. అంతా వింది."

"మరి... తెలిసీ ఎందుకు తిందే?"

ధర్మాలు సముద్రంలోకి చూస్తూ అన్నాడు. "నాను అదే అడిగాను. నువ్వు ఆపుతావేటోనని సూస్తానంది. ఆపితే మూడు గంటలు ఆగి ఇద్దరూ కాలీ కడుపుతో ఎల్తారంట, నంబరు ఎవులికి తగ్గితే ఆలెల్తారంట. ఆకరి ముద్ద దాకా సూస్తానంది. మమ్మల్నెవుల్నీ నోరిప్పొద్దని ఒట్టేయించుకుంది."

"ఆపకపోతేనో? అని నానడిగాను" అంది చిన్నమ్మడు. "ఆపకపోతే అదే ఎల్లనీండి అంది. అలాటిదాన్ని ఇక్కడ ఉంచితే, ఉండిపోయినోల్లు ఆకలితో సస్తారు, ఆలకి ఒకరు వొండాలి గదా అంది."

తరవాత దారంతా ఎవరూ నాతో మాట్లాడలేదు. నేను పొద్దుటినుంచీ ఏమీ తినలేదు. పడవలో రొట్టెలు పంచుకున్నారు. చేతులు మారుతూ నా దగ్గరికి వచ్చేసరికి బుట్ట పైనుంచి దాటిపోయింది.

నాకు సిగ్గేసిందని రాయాలి కాబోలు. ముందు కోపమే వచ్చింది. మోసం చేశాననుకుని ఇన్నాళ్ళు ఎంత జాగ్రత్తగా, ఎంత కష్టపడి దాచాను! అది మాత్రం అంతా తెలిసి, పీట మీద కాళ్ళు ముడుచుకుని కూచుని, నా చేత నాకే నన్ను చూపించింది. ఊరందరినీ సాక్ష్యం పెట్టుకుని. అందులో కూడా దానిదే పైచెయ్యి.

నమోదు 10

గొలుసు విప్పేశారు. గోడ మీదికి ఎక్కనిస్తారు, చూడ్డానికి. అందరూ ఎక్కారు, నేనూ ఎక్కాను. తెప్పలు కదలడం మొదట్లో తెలియనే లేదు. పన్నెండో తెప్ప మీద పొగ లేస్తోంది, పొద్దుటి వంట. మర్నాడు ఎక్కి చూస్తే పొగ ఇంకా సన్నంగా కనబడింది. ఆ తరవాత వాన పట్టింది, వాన వెలిశాక సముద్రం ఒక్కటే ఉంది.

"అప్పా" అని అరిచాను, ఒకసారి. పక్కనున్నవాళ్ళు తలలు తిప్పి చూసి, మళ్ళీ తిప్పేసుకున్నారు.

నమోదు 11

తలుపున్న గది వచ్చింది. నేల కదలదు. గురక వినబడదు. మొదటి నెల నిద్ర పట్టలేదు, విరుగుడు మందు కడుపులో తిప్పడం వల్ల అనుకున్నాను.

ఇక్కడ టోకెను వేస్తే మరే అన్నం పడేస్తుంది. ఎవరి పళ్ళెం వాళ్ళు పట్టుకుని గోడవైపు తిరిగి తింటారు. తెప్పలూరువాళ్ళు మాత్రం ఒక మూల చేరి, పళ్ళేలు మధ్యలో పెట్టుకుని, ఒకళ్ళది ఒకళ్ళు తింటారు. చిన్నమ్మడి గది నా గది పక్కదే. ఎదురైతే ఆకాశం చూస్తుంది. కొత్త కాగితాలు వస్తే కూడా నా దగ్గరికి రారు. యాంటీబాడీ పాజిటివ్ అంటే భయపడక్కర్లేదని ఇప్పుడు అందరికీ తెలుసు.

మా ఊళ్ళో ఎవరు ఎదురుపడినా ముందు అడిగే మాట తిన్నావా అనే. శత్రువును కూడా అడుగుతారు, అడిగాకే తిడతారు. ఒడ్డుకొచ్చాక వానలు మళ్ళీ తిరిగొచ్చాయి, నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు.

నమోదు 12

ఇవాళ మళ్ళీ కొలత. వైరస్ పోయినా, మచ్చ ఎక్కువగా ఉన్న కాలేయాన్ని ఆరు నెలలకోసారి చూస్తూ ఉండాలి. గడ్డలేమైనా లేస్తున్నాయేమోనని. బతికున్నంత కాలం ఇంతే. ఇక్కడ ఇందుమతులు లేరు, కౌంటరులో మర ఉంది. దాని గొంతు ఎవరిదో తెలియదు, ఆడగొంతే, కాస్త బొంగురు.

నేను నిన్న మధ్యాహ్నం నుంచీ మంచినీళ్ళు తప్ప ముట్టలేదు. ఖాళీ కడుపుతో వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది.

"అమ్మా, ఏమైనా తిన్నారా?" అని అడిగింది మర.

కౌంటరు మీదికి వంగాను. మర మళ్ళీ అడిగింది, అదే గొంతుతో, అంతే నిదానంగా.

"తిన్నాను" అన్నాను.

"అయితే మూడు గంటలు ఆగి రండి."

పక్కన బెంచీ ఉంది. కూచున్నాను. నా తరవాత వచ్చినవాళ్ళంతా లేదు అని చెప్పి లోపలికి పోయి, కాగితాలు తీసుకుని వెళ్ళిపోయారు. చిన్నమ్మడు కూడా. కడుపులో పేగులు అరుస్తున్నాయి. ఆ రోజు గిన్నె అడుగున మిగిలిన పులుసు వాసన ఇప్పటికీ నా చేతికి ఉన్నట్టే ఉంది. మూడు గంటలయ్యాక లేచి వెళ్ళాను.

"అమ్మా, ఏమైనా తిన్నారా?"

"తిన్నాను."

"అయితే మూడు గంటలు ఆగి రండి."

సాయంత్రం మూడోసారి వెళ్ళేసరికి కౌంటరు మూసే వేళయింది. అప్పుడూ తిన్నాననే చెప్పాను. నా పేరు రేపటి వరసలో వేసింది. ఇలా వాయిదా వేసుకుంటూ పోతే లోపల ఏ గడ్డ లేచినా ఎవరికీ తెలియదని నాకు తెలుసు, కాగితాలు చదవడం వచ్చినదాన్ని కదా.

రేపు కూడా అడుగుతుంది.